ఏనుగు పరుగెత్తిన శనివారం

పోయిన వారం కథ ఆగేసరికి వైండింగ్ మేస్త్రీ తన షాపులో రికార్డు ప్లేయరు దుమ్ము తుడుస్తున్నాడు. ఆయన చెల్లెలు, ఈత కోచ్, మెడలో స్టాప్‌వాచీతో గుమ్మంలో నిలబడి, “అన్నయ్యా, నీ రికార్డన్నా అబద్ధం చెబుతోంది, నీ మెషినన్నా అబద్ధం చెబుతోంది. రెండిట్లో ఏదో నువ్వే తేల్చు” అంది. ఆ మాట దగ్గరే మనం విడిపోయాం. మేస్త్రీ చేతిలో గుడ్డ ఇంకా అలాగే ఉంది.

ఈ వారమే మనతో కలిసినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. కాలిపోయిన మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టి మళ్లీ తిరిగేలా చేయడం మేస్త్రీ బతుకుతెరువు. డెబ్బైలలో వచ్చిన హార్డ్ రాక్, హెవీ మెటల్ ఆల్బముల్లో అన్నిటికన్నా గొప్పది ఏదో తేల్చడం ఆయన పిచ్చి. అదే పిచ్చి ఉన్న మరో ఐదుగురితో కలిసి ఇరవై రెండేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున ఆ షాపులోనే కూర్చుని వాదించుకుంటున్నాడు. సంగతి ఎలాగో రేడియో వాళ్ల చెవిన పడింది. రేపు ఆదివారం పది గంటలకు ఒక గంట మీకే ఇస్తాం, వచ్చి తేల్చుకోండి అన్నారు. ఏరగా ఏరగా బరిలో మిగిలినవి రెండు. ఒకటి మేస్త్రీ నిలబెట్టిన ‘ఏనుగు’, రెండోది ఆయన బావ నిలబెట్టిన ‘చిరుత’. బావ అంటే ఇంకెవరో కాదు, ఈ చెల్లెలి మొగుడే, మందుల షాపు ఆయన. ఓడినవాడు ఏడాది పొడుగునా ఆదివారాలు వచ్చి కూర్చోవచ్చు గానీ నోరు మెదపకూడదని ఇద్దరూ అందరి ముందూ ఒట్టు వేసుకున్నారు.

మేస్త్రీకి నోరు మెదపకుండా ఉండటం ఎంత కష్టమో ఆయన ఇంటావిడను అడిగితే చెబుతుంది. అన్నం ముందు కూర్చుని కూడా డ్రమ్ముల గురించి మాట్లాడతాడనే కదా, ఆవిడ ఈ గుంపును ఇంట్లోంచి షాపులోకి తరిమింది.

ఏనుగు, చిరుత అన్నవి ఆ ఆల్బముల అసలు పేర్లు కావు. ఈ గుంపు చేతికి వచ్చిన సంగీతం దాదాపు అంతా కాపీకి కాపీగా వచ్చిన క్యాసెట్లే. పేరు ఉంటే అట్ట ఉండదు, అట్ట ఉంటే అది వేరేదాని అట్ట. అందుకని వినగానే ఏది తోస్తే ఆ పేరు పెట్టుకునేవాళ్లు. సుత్తి, పెద్దవాన, రెండు తలల బండి, డాక్టరు గారి కోపం. బయటివాళ్లు వింటే ఆస్పత్రికి ఫోన్ చేస్తారు గానీ, ఆ ఆరుగురికీ ఏ పేరు అంటే ఏ గిటారు మోగుతుందో తెలుసు.

వాదనకు కట్టుబాట్లు కూడా ఉండేవి. ఆల్బమ్‌ను మొత్తంగా తూచాలి, ఒక్క మంచి పాటను చూపించి తొమ్మిది చచ్చు పాటలను దాటించకూడదు. రెండో వైపు మొదటి పాటలో దమ్ము లేకపోతే అది ఆల్బమే కాదని గుంపులోని భూగోళం టీచరమ్మ. కచేరీలో రికార్డు చేసినవాటిని లెక్కలోకి తీసుకోకూడదని, ఎందుకంటే ఆ చప్పట్లు బ్యాండు కొట్టినవి కావని పోస్టుమాస్టరు. డెబ్బైతొమ్మిది డిసెంబరులో పాడి ఎనభై జనవరిలో విడుదల చేసిన ఆల్బమ్ డెబ్బైలదా, ఎనభైలదా అన్న తగువులో ఇద్దరు రెండు నెలలు మొహాలు చూసుకోలేదు. బిడ్డ పుట్టిన ఏడే వాడి ఏడు, కడుపున పడ్డ ఏడు కాదని టీచరమ్మ తీర్పు చెప్పాక గానీ ఆ గొడవ సద్దుమణగలేదు.

ఇక బావ వాదనంతా వేగం మీద. ఆ పదేళ్లలో గిటారు పరుగు నేర్చుకుంది, అందరికన్నా బాగా పరుగెత్తిందే గొప్పది, కాబట్టి చిరుత అంటాడు. మేస్త్రీ వాదనంతా బరువు మీద. పరుగెత్తడానికి కాళ్లుంటే చాలు, అంత నెమ్మదిగా నడుస్తూ ఎదుటివాడి గుండె అదిలించడానికి కలేజా ఉండాలి, కాబట్టి ఏనుగు అంటాడు. ఆ దశాబ్దంలో ఏనుగంత నెమ్మదిగా వాయించిన బ్యాండు మరొకటి లేదని, ఆ గాయకుడిది నూతిలోంచి వచ్చే గొంతని, ఈ మాటలే కాగితం మీద రాసుకుని రేడియో కోసం వారం రోజులుగా అద్దం ముందు చదువుతున్నాడు.

గుంపు మొత్తానికి అసలు రికార్డు ఉన్నది ఏనుగుకు ఒక్కదానికే. వేరే దేశంలో పనిచేసి వచ్చిన ఓడ ఎలక్ట్రీషియన్ ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ మేస్త్రీకి ఇచ్చి వెళ్లిన రికార్డు ప్లేయరు మీద అది ఎక్కి ఉంది. బూడిదరంగు అట్ట. దాని మీద పాటల పేర్లు, ఒక్కో పాట ఎన్ని నిమిషాలో, అంతే. పాడినవాళ్ల ఫోటో లేదు, పేరూ లేదు. ఆ మెషిన్ మీద తిరిగిన రికార్డు అదొక్కటే. గుంపులో అందరి దగ్గరా ఉన్న ఏనుగు క్యాసెట్లన్నీ దాని మీంచి మేస్త్రీ స్వయంగా ఎక్కించి ఇచ్చినవే.

ఇప్పుడు గుమ్మం దగ్గరికి వెళదాం.

చెల్లెలు లోపలికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడకు కనిపించినదాన్నల్లా స్టాప్‌వాచీతో కొలవడం వృత్తిరీత్యా అబ్బిన అలవాటు. పాలు పొంగడానికి ఎంతసేపు పడుతుందో, మొగుడు చెప్పు తొడుక్కోవడానికి ఎంతసేపు పడుతుందో ఆవిడకు సెకన్లతో సహా తెలుసు. రేడియోలో చదవడానికి అట్ట మీది వివరాలు రాసి పెట్టమని అన్నయ్యే అడిగాడు. రాస్తూ రాస్తూ చూస్తే, అట్ట మీద ఐదు నిమిషాలని ఉన్న పాట క్యాసెట్‌లో ఆరు నిమిషాలు పాడుతోంది.

మేస్త్రీ తేలిగ్గా నవ్వేశాడు. అట్ట మీద అచ్చు తప్పు పడి ఉంటుందన్నాడు. మిగతా ఏడు పాటలూ అలాగే ఉన్నాయని ఆవిడ అంది. టేపు సాగి ఉంటుందన్నాడు. నిన్న ఇక్కడే, ఇదే మెషిన్ మీద రికార్డు తిరుగుతుంటే కూడా కొలిచానంది. అయితే ఆ కంపెనీవాళ్లకే లెక్కలు రావన్నాడు.

“అన్నయ్యా, పోటీలో ఒక పిల్ల ఆలస్యంగా వస్తే పిల్లది తప్పు అంటాం,” అంది చెల్లెలు. “ఎనిమిది మందీ ఒకే లెక్కలో ఆలస్యంగా వస్తే పిల్లల్ని తిట్టకూడదు. కొలను పొడవు కొలిపించాలి.”

 ఇలాంటప్పుడు మేస్త్రీ చేతికి పని చెబుతాడు, మంచి అలవాటే. చిన్న కాగితం ముక్క చించి, తిరిగే పళ్లెం అంచుకు అంటించాడు. చెల్లెలు వాచీ నొక్కింది, ఆయన చుట్లు లెక్కపెట్టాడు. నిమిషానికి ముప్పైమూడు దాటాల్సిన చుట్లు ఇరవై ఎనిమిది కూడా నిండలేదు. మళ్లీ లెక్కపెట్టాడు. మూడోసారి ఆయన చూడనంటే ఆవిడే లెక్కపెట్టింది.

మేస్త్రీ మెషిన్‌ను మెల్లగా తిరగేశాడు. అడుగున ఆయన షాపు స్టిక్కరు అంటించి ఉంది. షాపు పేరు, ఫోన్ నంబరు, కింద పెద్ద అక్షరాలతో ‘పూర్తిగా పరీక్షించబడినది’. ఇరవై రెండేళ్ల కిందట వోల్టులు సరిపోక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, ఆ గర్వంతో ఆయనే అంటించిన స్టిక్కరు అది. గోటితో గీరితే రాలేదు, వార్నిష్ పలచబరిచే నూనె పెట్టి తుడిస్తే ఊడివచ్చింది. దాని కింద కంపెనీవాడు బిగించిన రేకు ఉంది. రేకు మీద వోల్టుల పక్కనే అరవై సైకిళ్లు అని రాసి ఉంది.

కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్కను పాత మేస్త్రీలు సైకిళ్లు అంటారు. మన మేస్త్రీ ఊళ్లో కరెంటు యాభై. కొన్ని రకాల మోటార్లు వోల్టులను లక్ష్యపెట్టవు, సైకిళ్లను బట్టే తిరుగుతాయి. అరవైకి చేసిన మోటారుకు యాభై ఇస్తే ఆరు అడుగులు వేయాల్సిన చోట ఐదే వేస్తుంది. ఈ సంగతి వైండింగ్ పనిలో మొదటి వారం నేర్చుకునేది. సైకిళ్లు చూసుకోకుండా మోటారును కరెంటుకు తగిలించి కాల్చుకుని తెచ్చినవాళ్లను ఇదే షాపులో, ఇదే స్టూలు మీద కూర్చోబెట్టి మేస్త్రీ ఎంతమందిని కడిగేశాడో లెక్క లేదు.

ఆయనకు సిగ్గేసింది. తల కొట్టేసినట్టయింది. ఏనుగు అంత నెమ్మదిగా నడవడానికి కారణం ఆ బ్యాండు కలేజా కాదు, తన స్టిక్కరు. ఆ బ్యాండువాళ్లు ఎంత వేగంగా వాయించారో పాపం వాళ్లకే తెలియాలి.

చెల్లెలు నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి గోడకు వేలాడుతున్న ఫ్యాను తీగ చుట్టలను ఒకటి రెండు అని లెక్కపెట్టుకుంది. తర్వాత, దీన్ని బాగుచేయడానికి ఎంతసేపు పడుతుందని అడిగింది.

పెద్ద పనేం కాదు. మోటారు కడ్డీకి చిన్న ఇత్తడి కప్పీ ఉంటుంది, దాని మీంచి రబ్బరు బెల్టు పళ్లేన్ని తిప్పుతుంది. కప్పీ అడ్డకొలత పది మిల్లీమీటర్లు. దాన్ని పన్నెండు చేస్తే పోయిన అడుగు తిరిగి వస్తుంది. మేస్త్రీ ఇత్తడి ముక్క ఒకటి ఏరి లేత్‌కు బిగించాడు. చేతులు వాటంతట అవే పనిచేసుకుపోయాయి. అరగంటలో కొత్త కప్పీ నిగనిగలాడుతూ ఎక్కింది, పాతది బల్ల మీద పడింది. చుట్లు సరిగ్గా ముప్పైమూడు దాటాయని చెల్లెలు వాచీ చూపించింది.

మేస్త్రీ ముల్లు దించాడు.

పరాయి ఇంట్లోకి వచ్చానా అనుకున్నాడు. ఏ గిటారు మోత వినగానే ఆయనకు బరువైన ఇనుప తలుపు తెరుచుకున్నట్టు ఉండేదో అది ఇప్పుడు గలగలా నవ్వుతూ పరుగెత్తుతోంది. డ్రమ్ములు ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ వస్తున్నాయి. సరే, ఓర్చుకుందాం అనుకున్నాడు. ఇంతలో గొంతు మొదలైంది. ఆ గొంతు నూతిలోంచి రావడం లేదు. అది ఆడమనిషి గొంతు. దిట్టమైన, ఎవరికీ జంకని, మంచి దమ్మున్న ఆడగొంతు.

ఇరవై రెండేళ్లు తను ఎవరి మగతనాన్ని పొగిడాడో ఆ మనిషి ఒక ఆడమనిషి అని మేస్త్రీకి అర్థం కావడానికి ఒక చరణం పట్టింది.

“ఇన్నేళ్లలో మీ పాటల్లో నాకు నచ్చింది ఇదే మొదటిది,” అంది చెల్లెలు. ఆవిడ చెప్పు నేల మీద తాళం వేస్తోంది. “ఇంకో సంగతి చెప్పనా? ఇది మీ బావ చిరుత కన్నా వేగంగా ఉంది.”

అదే మేస్త్రీని మరీ ఇబ్బంది పెట్టింది. బరువే గొప్ప అని తను అంటే ఇప్పుడు ఏనుగు ఓడిపోతుంది. వేగమే గొప్ప అని బావ అంటే ఏనుగే గెలుస్తుంది. రేపు గెలవాలంటే తను బావ వాదన వినిపించాలి. ఆ కాగితంలో రాసుకున్న ఒక్క ముక్కా పనికిరాదు. దానికి తోడు ఊరందరికీ వినిపించేలా సైకిళ్ల సంగతి చెప్పుకోవాలి. వైండింగ్ షాపు బోర్డు పెట్టుకున్నవాడికి ఇంతకన్నా పరువు తక్కువ ఇంకేముంటుంది?

పోనీ నోరు మూసుకుంటే? ఆ ఆలోచన రాలేదంటే అబద్ధమే. రేడియో వాళ్లు రికార్డు ప్లేయర్లు ఎప్పుడో తీసి పారేశారు, మీదే తెచ్చుకోండి అన్నారు. పాత కప్పీ బల్ల మీదే ఉంది. రెండు నిమిషాల పని. తెలిసినది చెల్లెలికి ఒక్కదానికే.

అంతలో వీధిలోంచి చంకకర్రల టకటక వినిపించింది. మేస్త్రీ గబుక్కున ముల్లు ఎత్తేశాడు.

వచ్చింది బావ. మందుల షాపులో పై అరలో డబ్బా అందుకోబోయి నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్న వైనం ఆరు వారాల కిందటి భాగంలో చదివాం. కట్టు విప్పి రెండు రోజులైంది. రెండు వీధులు నడిచి రావడం ఇదే మొదలు, చెమటలు కారుతున్నాయి. పెళ్లాం కోప్పడబోతే చెయ్యి చూపించి ఆపి, లేత్ పక్కన పెట్టె మీద కూలబడ్డాడు. మంచినీళ్లు తాగాడు. రేపటి పోటీకి ముందు తిట్టి పోదామని వచ్చాడనుకుని మేస్త్రీ కూడా నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా వాళ్లిద్దరి మధ్య పలకరింపు అంటే అదే.

“బావా, రేపు నేను వాదించను,” అన్నాడు బావ. “నువ్వు గెలిచావు.”

మేస్త్రీ సిద్ధం చేసుకున్న మాటలు పక్కన పెట్టి దగ్గరికి జరిగాడు.

“ఆరు వారాలు మంచం మీద ఉన్నానా. చిరుత పెడితే కాలు ఊరుకోదు, లేచి దూకమంటుంది. డాక్టరేమో కదిలితే చంపేస్తానన్నాడు. చేతికందే దూరంలో ఉన్నది నీ ఏనుగు ఒక్కటే. మొదటి వారం నిన్ను తిట్టుకుంటూ విన్నాను. రెండో వారం తిట్టడం మర్చిపోయాను. నొప్పి ఎక్కువైనప్పుడల్లా ఆ గాయకుడి పాట పెట్టుకునేవాణ్ణి. ఆయనతో పాటే ఒక్కో అడుగూ వేసినట్టుండేది. ఎక్కడా తొందరపెట్టడు బావా. నువ్వు చెప్పేది ఇన్నాళ్లూ నా చెవికి ఎక్కలేదు. రేపు రేడియోలో ఈ మాటే చెప్పి, ఏడాది నోరు మూసుకుని కూర్చుంటాను.”

చెల్లెలు అవతలికి తిరిగి రాగి తీగ ఉండలు సర్దడం మొదలుపెట్టింది. ఆ షాపులో ఏ వస్తువూ సర్దడానికి ఆవిడ ఎన్నడూ చెయ్యి వేసి ఎరగదు.

మేస్త్రీకి ఏం చేయాలో పాలుపోలేదు. బావ నోటి నుంచి ఈ మాట వినాలని ఆయన ఎన్నేళ్లు ఎదురుచూశాడో. విన్నాక ఎలా నవ్వాలో, ఎలా భుజం తట్టాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ గెలుపు పెట్టె మీద కూర్చుని మంచినీళ్లు తాగుతోంది, దాన్ని ముట్టుకోవడానికి చెయ్యి రావడం లేదు. బావ మీద ఇంత ప్రేమ ఉందని ఆయనకు ఆ క్షణం దాకా తెలియదు. తెలిసినందుకు కొంచెం చిరాకు కూడా వేసింది.

“ఒక్క కోరిక,” అన్నాడు బావ. “క్యాసెట్ కాదు. అసలు రికార్డు మీద, ఈ మెషిన్ మీదే ఒక్కసారి వినిపించు. దాని కోసమే నడిచొచ్చాను.”

మేస్త్రీ చెయ్యి స్క్రూడ్రైవరు మీదికి వెళ్లింది. బెల్టు సాగింది, ఒక్క నిమిషం ఉండు బావా అంటే చాలు. పాత కప్పీ ఎక్కుతుంది, ఏనుగు నెమ్మదిగా నడుస్తుంది, బావ కళ్లు మూసుకుని వింటాడు. రేపు ఊరంతా వింటుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాడు కూడా.

అప్పుడు బల్ల మీద వెల్లకిలా పడి ఉన్న స్టిక్కరు కనిపించింది. ఇన్నేళ్లూ చెప్పింది తెలియక చెప్పిన అబద్ధం, దానికి సిగ్గుపడి ఊరుకోవచ్చు. ఇప్పుడు చెబితే తెలిసి చెప్పినట్టు. విరిగిన కాలితో రెండు వీధులు నడిచి వచ్చి నిజం ఒప్పుకున్న మనిషికి, ఎదురుగా కూర్చుని నకిలీ సరుకు అంటగట్టాలి. మేస్త్రీ స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.  చేతికి పని చెప్పాడు.

ముల్లు రికార్డు మీద వాలింది.

గిటారు పరుగందుకుంది. డ్రమ్ములు తరుముకొచ్చాయి. కళ్లు మూసుకుని, తల గోడకు ఆనించి కూర్చున్న బావ ముందు చిన్నగా కనుబొమలు ముడిచాడు. ఆడగొంతు ఎత్తుకుంది, షాపంతా నిండిపోయింది. బావ కళ్లు తెరిచాడు. మెషిన్ వంక చూశాడు, పెళ్లాం వంక చూశాడు, చివరికి మేస్త్రీ వంక చూశాడు. చరణం పూర్తయ్యేదాకా విన్నాడు.

“బావా, ఈవిడ చాలా బాగా పాడుతోంది,” అన్నాడు మెల్లగా. “మరి మన ఆయన ఏడీ?”